యాన్ ఎమ్మెల్యే, ఎ యూటర్న్: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఒక చిట్కా రాశాను. ఇంగ్లీషు మాట ముందు ‘ఎ’ పెట్టాలా ‘యాన్’ పెట్టాలా అని సందేహం వస్తే, ఆ మాటని తెలుగులో రాసి చూసుకోండి, మొదటి అక్షరం అచ్చయితే ‘యాన్’, హల్లయితే ‘ఎ’ అని. నాలుగు లైన్లు కూడా లేదు. దానికొచ్చిన ఉత్తరాలు మాత్రం టేబుల్ నిండిపోయాయి. కొందరు పిల్లలకి చెప్పాం, బాగా పనిచేసింది అన్నారు. కొందరు మీ చిట్కా జల్లెడ, దాన్నిండా చిల్లులే అన్నారు. ఇద్దరిదీ నిజమే. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను, వంటింటి చిట్కాలు వచ్చే నెల.

తెనాలి నుంచి ఒక పాఠకురాలు: మా బాబు ఆరో తరగతి. పరీక్షలో ‘ఎఫ్ఐఆర్’, ‘యూటర్న్’ ఇచ్చి వాటి ముందు ఖాళీలు పూరించమన్నారు. ఏ, ఈ, ఐ, ఓ, యూ వస్తేనే ‘యాన్’ అని నేనే నేర్పించాను కాబట్టి వాడు ‘ఎ ఎఫ్ఐఆర్’, ‘యాన్ యూటర్న్’ అని రాశాడు. రెండూ తప్పు కొట్టారు. వెళ్లి అడిగితే ‘అవి ఎక్సెప్షన్లు అండీ, బట్టీ పట్టించండి’ అన్నారు. ఎన్నని పట్టించాలి?

ఒక్కటి కూడా అక్కర్లేదమ్మా. అవి ఎక్సెప్షన్లు కానే కావు. మీకూ నాకూ చిన్నప్పుడు చెప్పిన సూత్రమే సగం చెప్పారు. ‘యాన్’ అనేది రాసిన అక్షరాన్ని చూసి రాదు, నోట్లో పలికే శబ్దాన్ని బట్టి వస్తుంది. కాగితం మీద ‘ఎఫ్’ హల్లే, కానీ దాని పేరు పలకడానికి నోరు తెరిచారంటే ముందు వచ్చేది ‘ఎ’. ‘యూ’ కాగితం మీద అచ్చు, పేరు పలికితే ముందు వచ్చేది ‘య’. ఎఫ్ఐఆర్‌లో మనం ఎఫ్ అనే అక్షరం పేరే పలుకుతున్నాం కదా, అందుకని ‘యాన్ ఎఫ్ఐఆర్’. యూటర్న్ య తో మొదలవుతుంది కాబట్టి ‘ఎ యూటర్న్’.

ఇక్కడే మన లిపి మనకి ఉపకారం చేస్తుంది. ఇంగ్లీషు వాళ్ల పిల్లలకి స్పెల్లింగు కళ్ల ముందు అడ్డంగా ఉంటుంది, మనం తెలుగులో రాసేటప్పుడు పలికినట్టే రాస్తాం కాబట్టి శబ్దం దానంతటదే బయటపడుతుంది. ఒక కాగితం తీసుకుని బాబు చేత ఇరవయ్యారు అక్షరాల పేర్లూ తెలుగులో రాయించండి. ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ... అలా జెడ్ దాకా. అచ్చుతో మొదలయ్యేవాటికి సున్నా చుట్టమనండి. ఏ, ఈ, ఎఫ్, ఐ, ఎల్, ఎం, ఎన్, ఓ, ఆర్, ఎస్, ఎక్స్, మొత్తం పదకొండు వస్తాయి. వీటికి హెచ్ కూడా కలపాలి, అదెందుకో కింద చెబుతాను, దానిది పెద్ద కథ. పన్నెండూ ‘యాన్’ బ్యాచ్, మిగతా పద్నాలుగూ ‘ఎ’ బ్యాచ్. అయిదు అచ్చులూ ‘యాన్’ అనుకున్నాం, యూ అటు వెళ్లిపోయింది. హల్లులన్నీ ‘ఎ’ అనుకున్నాం, ఎనిమిది ఇటు వచ్చేశాయి. డబుల్యూ చూడటానికి ఎంత వింతగా ఉన్నా డ తో మొదలవుతుంది కాబట్టి గొడవ లేదు.

ఇక ఊరి మీదకి వదిలేయండి. బస్టాండుకి వెళితే యాన్ ఆర్టీసీ బస్, యాన్ ఏసీ బస్. పోలీస్ స్టేషన్లో యాన్ ఎస్ఐ, ఎ సీఐ, ఎ డీఎస్పీ, యాన్ ఎస్పీ. మండలాఫీసులో యాన్ ఎంపీడీవో, ఎ వీఆర్వో. బ్యాంకులో యాన్ ఏటీఎం కార్డ్, యాన్ ఓటీపీ, యాన్ ఈఎంఐ, ఎ కేవైసీ ఫారం, ఎ యూపీఐ పేమెంట్. ఆస్పత్రిలో యాన్ ఎక్స్‌రే, యాన్ ఎమ్మారై, ఎ సీటీ స్కాన్. వీధి చివర మంచినీళ్లకి యాన్ ఆర్వో ప్లాంట్. బాబుకి ఇలా ఒక సాయంత్రం నడుస్తూ అడిగితే చాలు, వాడే మీకు తప్పులు పడతాడు. కాలేజీ ఫ్లెక్సీల మీద ‘యాన్ యూజీ కోర్స్’ కనిపిస్తే చూపించండి, ముచ్చటపడతాడు.

రాజమహేంద్రవరం నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు: అయ్యా, తెలుగులో రాసి చూసుకోమన్నారు, బాగుంది. మా తరంలో యం.ఎల్.ఏ. అనీ, యస్.ఐ. అనీ, యన్.టి.రామారావు అనీ రాశాం. గోడల మీద, పోస్టర్ల మీద అలాగే ఉండేది. మరి మీ లెక్కన య హల్లు కదా, ‘ఎ యం.ఎల్.ఏ.’ అనాలా? ఇంకొకటి. ‘ఇయర్’ అని రాస్తే మొదట ఇ ఉంది. మా మనవడు ‘యాన్ ఇయర్’ అని రాస్తే వాళ్ల కంపెనీలో ఎవరో దిద్దారట. మీ చిట్కా నమ్మినందుకే వాడికా అవమానం.

మాస్టారూ, నమస్కారం. చిల్లు సరిగ్గా ఉన్న చోటే వేలు పెట్టారు.

మీకు తెలియంది కాదు, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. తెలుగు నోటికి ఒక అలవాటుంది. మాట మొదట్లో ఎ, ఏ వస్తే దాని ముందు సన్నగా ఒక య చేరుతుంది, ఒ, ఓ వస్తే ఒక వ చేరుతుంది. ఎందుకు అని రాసి యెందుకు అంటాం, ఒకటి అని రాసి వొకటి అంటాం. పాత పుస్తకాల్లో రాత కూడా అలాగే ఉండేది. ఆ అలవాటునే ఇంగ్లీషు అక్షరాల మీదకి తీసుకెళ్లాం, ఎం కాస్తా యం అయింది, ఎస్ యస్ అయింది. ఇంగ్లీషు వాళ్ల ఎం లో ఆ య లేదు. అది మనం పెట్టింది, కాబట్టి లెక్కలోకి రాదు. యం.ఎల్.ఏ. అని ఎంత పెద్ద అక్షరాలతో గోడ మీద రాసినా ఇంగ్లీషులో ‘యాన్ ఎమ్మెల్యే’ యే.

విచిత్రం ఏంటంటే, లేని చోట య పెట్టే మన నోరే ఉన్న చోట తీసేస్తుంది. ఇ, ఈ ముందు య ఉంటే మనకి తిరగదు, మింగేస్తాం. అలాగే ఉ ముందు వ ని మింగేస్తాం. అందుకే చెవికీ ‘ఇయర్’ అంటాం, సంవత్సరానికీ ‘ఇయర్’ అంటాం. ఇంగ్లీషులో అవి రెండు వేరు వేరు మాటలు. చెవి అచ్చుతో మొదలవుతుంది, సంవత్సరం య తో మొదలవుతుంది, దాదాపు ‘యియర్’ అన్నట్టు. కాబట్టి చెవి అయితే ‘యాన్ ఇయర్’, సంవత్సరం అయితే ‘ఎ ఇయర్’. అర సంవత్సరానికి కూడా ‘హాఫ్ ఎ ఇయర్’. మీ మనవడికి చెప్పండి, ఈ తప్పు చేసినవాళ్లలో అతను మొదటివాడేం కాదు. నేను ఉద్యోగానికి వేసిన మొట్టమొదటి దరఖాస్తులో ‘యాన్ ఇయర్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అని రాశాను, ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఆ కాగితం నా వైపు తిప్పి ఎర్ర సిరాతో ఆ ‘న్’ ఒక్కదాన్నే చుట్టాడు, నోటితో ఏమీ అనలేదు. ఉద్యోగం ఎలాగూ రాలేదు, ఆ చుట్టిన సున్నా మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది.

ఉ ముందు వ సంగతి కూడా ఇంతే. ఉమెన్స్ కాలేజ్, ఉడెన్ టేబుల్, ఉలెన్ స్వెటర్ అని రాసుకుంటాం, అంటాం. ఇంగ్లీషులో మూడింటికీ మొదట వ ఉంది. ‘ఎ ఉమన్’, ‘ఎ ఉడెన్ టేబుల్’. ‘యాన్ ఉమన్’ అని రాసే తెలుగువాళ్లని ఎంతమందిని చూశానో.

ఇంకో తమాషా చూడండి మాస్టారూ, మీరు ముప్పయ్యేళ్లు హాజరు వేసి ఉంటారు. పిల్లలు ‘ఎస్ సార్’ అన్నారా, ‘యస్ సార్’ అన్నారా? రెండూ అని ఉంటారు, మనకి రెండూ ఒకటే. ఇంగ్లీషులో అవుననే మాట య తో మొదలవుతుంది, ఎస్ అనే అక్షరం అచ్చుతో మొదలవుతుంది. అందుకే ‘యాన్ ఎస్’ అంటే ఎస్ అనే అక్షరం, ‘ఎ యెస్’ అంటే ఒక ఒప్పుకోలు. తలూపేవాణ్ణి ‘ఎ యెస్ మ్యాన్’ అంటారు, ఆ జాతి మన ఆఫీసుల్లో కొదవ లేదు కాబట్టి మాట పనికొస్తుంది.

మీరు అడగని చిల్లు ఒకటి నేనే చెప్పేస్తాను. యాపిల్. అందరం మొదట నేర్చుకున్నది ‘యాన్ యాపిల్’ యే, కానీ తెలుగులో రాస్తే య తో మొదలైంది! యాక్టర్, యాంకర్, యాడ్, చివరికి ‘యాన్’ కూడా అంతే. ఆ శబ్దానికి మన లిపిలో విడిగా అక్షరం లేదు, అందుకని యా తో సర్దుకున్నాం. అది అచ్చే. యార్డ్, యాట్ లాంటి వాటిలో ఉన్నది అసలైన య. తేడా తెలియకపోతే ఇంగ్లీషు స్పెల్లింగు వైపు ఒకసారి చూడండి, ఏ తో మొదలైతే మన యా వట్టి వేషం.

కాబట్టి చిట్కాకి మాట్లు వేసి మళ్లీ ఇస్తున్నాను. ఎంపీ, ఎస్ఐ, ఎఫ్ఐఆర్ లాంటి పొడి అక్షరాలకి నమ్మకంగా వాడుకోండి, యం బదులు ఎం అని రాసుకుంటే చాలు. పూర్తి మాటలకి మాత్రం ఇయర్, ఉమన్, యాపిల్ ఈ మూడింటి బంధువులతో జాగ్రత్త.

అమెరికాలోని డాలస్ నుంచి ఒక పాఠకుడు: ఇక్కడ మా టీంకి మెయిల్ పెడుతూ ‘ఎ హెచ్‌వన్‌బీ వీసా’ అని రాశాను. మా మేనేజర్ దాన్ని ‘యాన్’ అని మార్చి మళ్లీ పంపాడు. హెచ్‌లో హ ఉంది కదా సర్, హ హల్లు కదా. నాది తప్పెలా అవుతుంది?

తమ్ముడూ, నువ్వు పలికేదాని ప్రకారం నువ్వు రాసింది కరెక్టే. గొడవంతా పలకడం దగ్గరే ఉంది. ఆ అక్షరం పేరు ఇంగ్లీషు డిక్షనరీలో ‘ఎయిచ్’, మొదట్లో హ లేదు. హ అనే శబ్దానికి పెట్టిన అక్షరం, దాని పేరులో మాత్రం ఆ శబ్దం లేదు, ఇదొక విడ్డూరం. మనకి అది నచ్చలేదు, హ పెట్టి ‘హెచ్’ చేశాం. హెడ్మాస్టర్ని హెచ్చెం అన్నాం, హెచ్‌ఐవీ అన్నాం, పేపర్లు కూడా అలాగే రాస్తాయి. ఇప్పుడు దాన్ని మార్చమంటే ఎవరూ మార్చరు, మార్చాల్సిన పని కూడా లేదు.

ఇది మన ఒక్కరి జబ్బు అనుకోకు. ఐర్లండులో కూడా హ చేర్చి ‘హెయిచ్’ అనేవాళ్లు చాలామంది. ఉత్తర ఐర్లండులో అయితే ఆ ఒక్క అక్షరం పేరు పలికించి మనిషి క్యాథలిక్కా ప్రొటెస్టంటా అని పోల్చుకునేవాళ్లు. హ అంటే క్యాథలిక్కు, లేకపోతే ప్రొటెస్టంటు. అంత రాజకీయం జరిగింది దాని మీద. మన దగ్గర ‘హెచ్చు’ అంటే ఎక్కువ, హ కూడా హెచ్చుగానే పెట్టుకున్నాం, పోనిద్దూ.

నా మాటేంటంటే, మాట్లాడేటప్పుడు హెచ్ అంటే ‘ఎ’ అను, ఎయిచ్ అంటే ‘యాన్’ అను, ఏదైనా ఒకదానికి కట్టుబడి ఉండు. ‘యాన్ హెచ్‌వన్‌బీ’ అని హ గట్టిగా పలికితే నాలుక తడబడుతుంది. రాసేటప్పుడు మాత్రం ఎప్పుడూ ‘యాన్’ రాయి, ఎందుకంటే నువ్వెలా పలుకుతావో చదివేవాడికి తెలియదు, వాడు ఎయిచ్ అనే చదువుకుంటాడు. పరీక్ష రాసే పిల్లలకి కూడా ఇదే, కళ్లు మూసుకుని ‘యాన్’ పెట్టేయండి.

వీసాల సంగతి వచ్చింది కాబట్టి, అక్కడికి వెళ్లే పిల్లల కోసం కూడా రాసేస్తున్నాను, కాగితాలు నింపేటప్పుడూ మెయిళ్లు రాసేటప్పుడూ పనికొస్తుంది. యాన్ ఎఫ్‌వన్ వీసా, యాన్ ఐ-ట్వంటీ, యాన్ ఎల్‌వన్, యాన్ ఈఏడీ. బీవన్, జేవన్, డీఎస్-160 మాత్రం ‘ఎ’. యూఎస్ కూడా ‘ఎ’ యే, ‘ఎ యూఎస్ సిటిజన్’. ఇన్నేళ్లు అక్కడ ఉండి కూడా ‘యాన్ యూఎస్ సిటిజన్’ అని రాసే మనవాళ్లు ఉన్నారు.

హనుమకొండ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని: నేను ‘యాన్ ఎన్‌ఐటీ స్టూడెంట్’ అని రాస్తే మా ఫ్రెండ్ ‘ఎ నిట్ స్టూడెంట్’ అని దిద్దింది. గూగుల్‌లో రెండూ కనిపిస్తున్నాయి. ఎవరిది రైటు?

ఇద్దరిదీ. అక్షరాలు విడిగా పలికితే ఎన్‌ఐటీ, అచ్చు, ‘యాన్’. కలిపి ఒక మాటలా పలికితే నిట్, హల్లు, ‘ఎ’. మీ వరంగల్ వాళ్లకి ఈ సమస్య కొత్త. 1959లో మొదలైనప్పుడు అది ఆర్‌ఈసీ, దాన్ని కలిపి పలికినవాళ్లు లేరు, అందుకని అందరికీ ‘యాన్ ఆర్‌ఈసీ గ్రాడ్యుయేట్’ యే. 2002లో పేరు మారాక తెలుగు పేపర్లు ‘నిట్’ అని రాయడం మొదలెట్టాయి, క్యాంపస్‌లో వాళ్లు ఎన్‌ఐటీ అనే అంటారు, అక్కడి నుంచి రెండు దారులు. ఇంగ్లీషులో రాసేటప్పుడు నేనైతే మీ పక్షమే, ఎందుకంటే ఇంగ్లీషులో ‘నిట్’ అంటే పేనుగుడ్డు అని కూడా అర్థం ఉంది.

దీనికి మంచి ఉదాహరణ కావాలంటే తిరుపతి వెళ్లండి. అక్కడ ఎస్వీ యూనివర్సిటీలో చదివితే ‘యాన్ ఎస్వీయూ స్టూడెంట్’, పక్కనే స్విమ్స్‌లో డాక్టరయితే ‘ఎ స్విమ్స్ డాక్టర్’. ఇంగ్లీషులో రెండూ ఎస్, వీ అనే అక్షరాలతోనే మొదలవుతాయి, ఊరూ ఒకటే. ఒకటి విడివిడిగా పలుకుతాం, ఇంకొకటి కలిపి పలుకుతాం, అంతే. హైదరాబాదు నిమ్స్, కడప రిమ్స్ కూడా ఇదే దారి, ‘ఎ’. ఎయిమ్స్ కలిపి పలికినా అచ్చే కాబట్టి ‘యాన్’. ఫోన్లో వేసేది ‘ఎ సిమ్ కార్డ్’, దాని నుంచి పంపేది ‘యాన్ ఎస్సెమ్మెస్’. మన పేపర్లు సెజ్ అంటాయి, అప్పుడు ‘ఎ’, అక్షరాలు విడదీస్తే ‘యాన్’. నీట్ ర్యాంకుకి ‘ఎ’, ఎన్జీవోకి ‘యాన్’. 2021లో రామప్ప గుడికి గుర్తింపు వచ్చినప్పుడు వాట్సాప్ నిండా ‘యాన్ యునెస్కో సైట్’ అని తిరిగింది, ఆనందంలో ఎవరూ పట్టించుకోలేదు కానీ అది ‘ఎ యునెస్కో సైట్’.

కర్నూలు నుంచి, బ్లడ్ బ్యాంకులో పనిచేసే ఒక పాఠకుడు: మేం రోజూ వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతుంటాం. ఓ నెగటివ్ డోనర్ కావాలంటే ‘ఎ’ నా ‘యాన్’ నా? అలాగే విటమిన్ సి, హెపటైటిస్ బి ముందు ఏం పెట్టాలి?

రక్తం అడిగే మెసేజ్‌లో ఎవరూ గ్రామర్ చూడరు, మీరు ఏది పెట్టినా మనుషులు వస్తారు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. అడిగారు కాబట్టి చెబుతున్నాను. యాన్ ఓ నెగటివ్ డోనర్, యాన్ ఏ పాజిటివ్ డోనర్, యాన్ ఏబీ పాజిటివ్ డోనర్. ఒక్క బీ గ్రూపు వాళ్లకే ‘ఎ’. ఓ అన్నప్పుడు నోట్లో వో వినిపిస్తే అది మాస్టారికి చెప్పిన మన అలవాటే, లెక్కలోకి తీసుకోకండి.

విటమిన్ సి, హెపటైటిస్ బి సంగతి వేరు. అక్కడ అక్షరం వెనకాల వచ్చి పేరులా అతుక్కుంది, కాబట్టి ‘ఎ’ లేదు, ‘యాన్’ లేదు. సెక్షన్ ఏ, బ్లాక్ సి కూడా ఇంతే. అదే అక్షరం ముందుకొచ్చి నిలబడితే మళ్లీ పెట్టాలి, ‘ఎ బీ గ్రేడ్’, ‘యాన్ ఏ గ్రేడ్’. ఆకారం చెప్పేటప్పుడు కూడా అంతే. వాస్తు పంతులు వద్దనే ఇల్లు ‘యాన్ ఎల్ షేప్డ్ హౌస్’, నాలుగు డబ్బులు మిగిలితే కొనే చొక్కా ‘ఎ టీ షర్ట్’, అది పెద్ద సైజయితే ‘యాన్ ఎక్సెల్’. సినిమా సర్టిఫికెట్లలో ‘ఎ యూ సర్టిఫికెట్’, ‘ఎ యూఏ సర్టిఫికెట్’, పెద్దలకు మాత్రమే అయితే ‘యాన్ ఏ సర్టిఫికెట్’.

ఇందులో మనవాళ్లకి రోజూ అవసరమయ్యేది పేరు స్పెల్లింగు చెప్పడం. ఫోన్లో అవతల కాల్ సెంటర్ అమ్మాయి ‘లక్ష్మి, హౌ డు యు స్పెల్ ఇట్’ అంటుంది. మధ్యలో ఎక్స్ పెట్టుకున్నవాళ్లు ‘విత్ యాన్ ఎక్స్’ అనాలి. కే, ఎస్, హెచ్ పెట్టుకున్నవాళ్లకి కొంచెం పని, ‘విత్ ఎ కే, యాన్ ఎస్ అండ్ యాన్ ఎయిచ్’. సతీష్, సుజాత, లత లాంటి పేర్లలో మనం త కి టీ పక్కన హెచ్ పెడతాం, ఉత్తరాది వాళ్లు పెట్టరు, అందుకని ఢిల్లీలో ఎక్కడికెళ్లినా ‘విత్ యాన్ ఎయిచ్’ అని చెప్పుకోవడమే మన బతుకు. అక్షరం ముందు ‘లెటర్’ అనే మాట వాడితే మాత్రం ‘ది’ వస్తుంది, ‘ది లెటర్ ఎం’.

సిద్దిపేట నుంచి ఒక ఇంటర్ విద్యార్థి: అసలు రెండెందుకు సార్? ఒకటి పెట్టుకుంటే సరిపోయేది కదా?

మొదట ఒకటే ఉండేది, అదీ ‘యాన్’. పాత ఇంగ్లీషులో ‘ఆన్’ అంటే ఒకటి అని అర్థం, ఇప్పటి ‘వన్’ కూడా దాని బిడ్డే. పోను పోను హల్లు ముందు ఆ న పలకడం బరువై రాలిపోయింది, అచ్చు ముందు మాత్రం మిగిలింది, ఎందుకంటే రెండు అచ్చులు పక్కపక్కన వస్తే నోటికి పట్టు దొరకదు. మనం ‘ఒక రోజు’ ని ‘ఓ రోజు’ చేసుకోలేదూ, అలాంటిదే. పద్యాలు చదువుకున్నవాళ్లకి ఇంకా సులభంగా చెప్పొచ్చు. ‘వచ్చెను’ చివర ద్రుతం ఉంటుంది కదా, ఒక్కోచోట ‘వచ్చె’ అని రాలిపోతుంది, ముందు అచ్చు వస్తే ‘వచ్చెనతడు’ అని నిలబడి సంధి చేసుకుంటుంది. ‘యాన్’ లో న అచ్చంగా ద్రుతంలా ప్రవర్తిస్తుంది, వాటికి చుట్టరికం మాత్రం ఏమీ లేదు.

ఆ న వల్ల ఇంగ్లీషు వాళ్లకే చాలా తికమకలు జరిగాయి. క్రికెట్ చూస్తావు కదా, అంపైర్ అసలు అంపైర్ కాదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాని మొదట న ఉండేది, ‘నంపైర్’ లాంటి మాట, జోడీ లేనివాడు, ఇద్దరి మధ్య మూడోవాడు అని అర్థం. ‘ఎ నంపైర్’ అంటుంటే వినేవాళ్లకి ‘యాన్ అంపైర్’ లా వినిపించింది, న వెళ్లి అటు అతుక్కుంది, మనిషి పేరే మారిపోయింది. వంటింట్లో కట్టుకునే ఏప్రన్ కూడా ఒకప్పుడు ‘నేప్రన్’. నిక్‌నేమ్‌ది తిరగబడ్డ కథ. అది మొదట ‘ఈక్‌నేమ్’, అంటే అదనపు పేరు. ‘యాన్ ఈక్‌నేమ్’ లో న ఇటు దూకి నిక్‌నేమ్ అయింది. ఒకడి న పోయింది, ఇంకొకడికి ఊరికే వచ్చింది.

ఆరెంజ్ కథ కూడా ఇలాంటిదే కానీ ఇంగ్లీషు వాళ్ల తప్పు కాదు. మన నారింజ, సంస్కృతంలో నారంగ, పర్షియన్, అరబ్బీ దారిలో అన్నిటికీ మొదట న ఉంది. స్పానిష్‌లో ఇప్పటికీ ఉంది. ఇటలీ, ఫ్రాన్సు దాటేసరికి అక్కడి ‘ఒక’ అనే మాటలోని న తో కలిసిపోయి మాయమైంది, ఇంగ్లీషుకి చేరేటప్పటికే న లేకుండా వచ్చింది. అందుకే మనం ‘యాన్ ఆరెంజ్’ అని కష్టపడి పెట్టాల్సి వస్తోంది. నారింజే వాళ్ల దాకా వెళ్లి ఉంటే ‘ఎ’ తో సరిపోయేది.

ఇంకా మిగిలినవి, గబగబా:

అయిదు వందల నోటుకి ఇంగ్లీషులో ముందు ‘ఆర్‌ఎస్’ అని రాస్తారు కదా, ‘యాన్’ పెట్టాలా అని గుంటూరు నుంచి అడిగారు. వద్దు. దాన్ని ఎవరూ ఆర్‌ఎస్ అని చదవరు, ‘ఫైవ్ హండ్రెడ్ రుపీ నోట్’ అనో, ‘రుపీస్’ అనో చదువుతారు. ‘ఎ’ చాలు.

అంకెలకి కూడా చెవే ప్రమాణం. 8, 11, 18, ఆపైన 80 నుంచి 89 దాకా వీటికి ‘యాన్’, వంద లోపు మిగతా వాటన్నిటికీ ‘ఎ’. 1 చూడటానికి ఎలా ఉన్నా వ తో మొదలవుతుంది. 1100 ని ‘ఎలెవెన్ హండ్రెడ్’ అంటే ‘యాన్’, ‘వన్ థౌజండ్ వన్ హండ్రెడ్’ అంటే ‘ఎ’.

‘యాన్ హిస్టారిక్’ అని పెద్ద పెద్ద వాళ్లు రాస్తారు, అది రైటేనా అని విశాఖ నుంచి. పాత పద్ధతి, హ తేలిగ్గా పలికే రోజుల్లోది. ఇప్పుడు ‘ఎ హిస్టారిక్’ ఎక్కువ వాడుక. అవర్, ఆనెస్ట్, ఆనర్, ఎయిర్ (గాలి కాదు, వారసుడు) ఈ నాలుగింటిలో హ అసలు పలకం, వీటికి ‘యాన్’ తప్పనిసరి.

ఆఖరుది నెల్లూరు నుంచి: ‘మాజీ ఎమ్మెల్యే అని రాయాలంటే కూడా యాన్ పెట్టాలా?’ ఇది మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడ జారిపడతారు. ‘ఎ’, ‘యాన్’ చూసేది ఆ మనిషిని కాదు, తమ పక్కనే ఉన్న మాటని. ఎమ్మెల్యే పక్కనే ఉంటే ‘యాన్ ఎమ్మెల్యే’, మధ్యలో ‘ఫార్మర్’ (రైతు కాదు, మాజీ) వచ్చి కూర్చుంటే ‘ఎ ఫార్మర్ ఎమ్మెల్యే’. అంటే ఎన్నికల్లో ఓడితే గన్‌మన్‌తో పాటు న కూడా పోతుంది. దాన్ని కాపాడుకోవాలంటే ఒకటే దారి, లెటర్‌హెడ్ మీద ‘యాన్ ఎక్స్ ఎమ్మెల్యే’ అని కొట్టించుకోవడం.